పది పీసులు కాదు, రోజంతా

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పొద్దున్నే బయల్దేరే ఫ్యాక్టరీ బస్సులో నలభై మంది ఆడవాళ్లుంటే, అందరిలోకీ చెయ్యి వేగం గలది మహిమ అని డ్రైవరుకి కూడా తెలుసు. ఆరేళ్ల కిందటి దాకా ఆమె పత్తి తీతకూ మిరప కోతకూ పోయేది. నందిగామ ఇవతల హైవే పక్కన చొక్కాల ఫ్యాక్టరీ పెట్టి, నెల జీతం, పీఎఫ్ ఇస్తాం, బస్సు పంపుతాం అంటే మొదట చేరినవాళ్లలో ఆమె ఒకతె. అంతకుముందు కుట్టు మిషన్ మీద కూర్చుని ఎరగదు. ఏడాది తిరిగేసరికి కాలర్ అతికే పని ఆమెకిచ్చారు.

చొక్కా మొత్తంలో కష్టమైన పని అదే. మెడ వంపు వేరు, కాలర్ వంపు వేరు. రెండింటినీ సూది కింద కలిపేటప్పుడు పై గుడ్డ ఇసుమంత జారినా ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి అవుతుంది. మహిమ గుడ్డను లాగదు, తొయ్యదు. పసిపిల్లను వేలు పట్టుకుని నడిపించినట్టు దాని వెంట తన వేళ్లు పోతాయి. కుట్టు పూర్తయ్యాక కాలర్ రెండు మూలలూ కలిపి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు.

కిందటి వేసవిలో హెడ్డాఫీసు నుంచి హరిచరణ్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. ఏ పనికి ఎంత సేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవడం అతని ఉద్యోగం. మహిమ పక్కన నిలబడి పది పీసులు కొలిచాడు. ఒక్కోటి నలభై సెకన్లు.

"మూడు ఫ్యాక్టరీలు చూశానండి, ఇలాంటి చెయ్యి చూళ్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ మాటను ఆమె భర్త దేవరాజ్‌కి రెండుసార్లు చెప్పుకుంది.

వారం తిరక్కుండా కాలర్ మిషన్ల లైన్లో టార్గెట్ బోర్డు మారింది. గంటకు అరవై కాలర్ల టార్గెట్ ఎనభై అయింది. మహిమ ఒక్కదానికే కాదు, కాలర్ మిషన్ల మీదున్న ఆరుగురికీ.

మహిమ ఎనభై కొట్టింది. కానీ తెచ్చుకున్న నీళ్ల సీసా తెచ్చుకున్నట్టే ఇంటికి పోయేది. బాత్రూముకి మధ్యాహ్నం అన్నం వేళ ఒక్కసారే. మిగతా ఐదుగురూ అలా చేసినా ఎనభై అందలేదు. సూపర్వైజర్ వచ్చి నెత్తిమీద నిలబడేవాడు. "మహిమకి కుదిరింది, మీకెందుకు కుదరదు?" అనేవాడు. ఇద్దరు మానేసి జగ్గయ్యపేటలో బట్టల కొట్లలో చేరారు.

పక్క మిషన్ జాయిస్‌ది. ఇరవై రెండేళ్ల పిల్ల, జగ్గయ్యపేటలో బస్సెక్కేది. రెండు నెలలు పళ్లు బిగబట్టి కుట్టింది. ఒకరోజు చలిజ్వరంతో మిషన్ మీదే తల వాల్చేసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు ఆసుపత్రిలో. రోజుకి ఎన్ని నీళ్లు తాగుతావమ్మా అని డాక్టరమ్మ అడిగితే, సమాధానం చెప్పడానికి ఆ పిల్లకి సిగ్గేసింది.

ఆదివారం చర్చి నుంచి మహిమ నేరుగా జాయిస్ ఇంటికి వెళ్లింది.

"నీమీద కోపం లేదక్కా" అంది జాయిస్, అడక్కుండానే. "బోర్డు మీద రాసింది నీ చేతి వేగమే కదా. నాకా చెయ్యి లేదు, అంతే."

ఆ పిల్ల నాలుగు తిట్లు తిట్టినా మహిమకి అంత నొప్పి తెలిసేది కాదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. విషయం విని దేవరాజ్ తేలిగ్గా తీసిపారేశాడు.

"మళ్లీ కొలవటానికొస్తే మెల్లగా కుట్టు. అయిపోతది."

"మెల్లగా కుట్టటం నాకు రాదు" అంది మహిమ. "వచ్చినా కుట్టను. ఆరేళ్లు పట్టింది ఈ చెయ్యి రావటానికి. దానికి దొంగ వేషం వెయ్యమంటావా?"

జూన్‌లో కొత్త రకం చొక్కా లైన్లోకి వచ్చింది. హరిచరణ్ మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకుని మహిమ దగ్గరికే వచ్చాడు. ఆమె మిషన్ ఆపి లేచి నిలబడింది.

"సార్, పది పీసులు కాదు. ఇవాళ రోజంతా చూడండి."

"రోజంతా ఎందుకండి? పది చూస్తే సగటు వచ్చేస్తుంది."

"మీరు ఆ పది చూసినప్పుడు నాకు దాహం వెయ్యలేదు సార్."

హరిచరణ్ స్టాప్‌వాచ్ దించాడు. లైన్లో మిషన్ల చప్పుడు ఒక్కసారిగా పలచబడింది, అందరి చెవులూ ఇటే. అతను అటూ ఇటూ చూసి, ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆ రోజు మహిమ చేతులు ఎప్పటిలాగే ఆడాయి. కాకపోతే, దాహమైనప్పుడు తాగింది. అవసరమైనప్పుడు షెడ్డు ఆ చివరికి నడిచి వెళ్లొచ్చింది. పదకొండింటికి హరిచరణ్‌కి అనుమానం వచ్చింది, కావాలని నిదానం చేస్తోందేమోనని. ఆమె చూడకుండా కొలిచాడు. నలభై. ముప్పై తొమ్మిది. నలభై ఒకటి. అప్పుడతను పీసులు రాయడం మానేసి, పీసుకీ పీసుకీ మధ్య జరిగేవి రాయడం మొదలుపెట్టాడు. బాబిన్‌లో దారం అయిపోయింది. సూది విరిగింది, ముక్కలన్నీ వెతికి అప్పజెబితేనే కొత్త సూది ఇస్తారు, ఆరు నిమిషాలు. ముందు మిషన్ నుంచి రావలసిన చొక్కాల కట్ట రాలేదు. కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మూడింటికి రేకుల వేడికి వేళ్లు చెమర్చి గుడ్డకు అంటుకుంటుంటే మాటిమాటికీ తుడుచుకోవలసి వచ్చింది.

సాయంత్రానికి ఎనిమిది గంటల పనిలో ఐదు వందల అరవై కాలర్లయ్యాయి. గంటకు డెబ్బై. లైన్లో అందరికన్నా మంచి చెయ్యి, ఒక్క నిమిషం వృథా చెయ్యకుండా కుడితే అయినవి అవి.

"మరి ఇన్నాళ్లూ ఎనభై ఎలా కొట్టారండి?"

"నీళ్లు తాగకుండా" అంది మహిమ.

హరిచరణ్ కాగితం మడిచాడు, మళ్లీ విప్పాడు. ఇంజనీరింగ్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. ఆ క్షణాన ఆమె ముందు బళ్లో పిల్లాడిలా ఉన్నాడు.

మర్నాడు హరిచరణ్ రాసిచ్చిన లెక్క చూసి మేనేజర్ వీరేంద్ర ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. చెడ్డవాడేమీ కాదు, నెత్తిన బరువున్నవాడు.

"కొనేవాడు రేటు తగ్గించమంటాడు. మీరేమో టార్గెట్ తగ్గించమంటారు. నేనెక్కడికి పోను చెప్పండి?"

"చెకింగ్ టేబుల్ దగ్గర చూశాను సార్" అన్నాడు హరిచరణ్. "అరవై ఉన్నప్పుడు నూటికి ఐదు కాలర్లు తిరిగొచ్చేవి. ఇప్పుడు పద్నాలుగు. విప్పి మళ్లీ కుట్టే టైము మనం ఎక్కడా రాసుకోవట్లేదు."

వీరేంద్ర మహిమ వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"నా చెయ్యి చూసి నాకు రాసుకోండి సార్, కాదనను. అందరికీ రాసేటప్పుడు అందరి పక్కనా కూర్చోండి. జాయిస్ పక్కన కూడా."

కూర్చున్నారు. కాలర్ మిషన్లన్నిటి దగ్గరా రెండేసి రోజులు కొలిచాక, బోర్డు మీద అరవై నాలుగు రాశారు. మహిమ అనుకున్నదానికన్నా అది కాస్త ఎక్కువే. జీతం పెరగలేదు. మానేసి వెళ్లిన ఇద్దరూ తిరిగి రాలేదు. కానీ జ్వరం తగ్గి అప్పటికే పనిలోకి వచ్చేసిన జాయిస్ రెండో వారానికి అరవై నాలుగూ అందుకుంది. ఆ పిల్ల కాలర్లు ఇప్పుడు చెకింగ్ నుంచి వెనక్కి రావడం తక్కువ.

ఈ సంగతి ముందు చొక్కా చేతుల కఫ్‌ల లైనుకి పాకింది, తర్వాత జేబుల లైనుకి. ఒక మధ్యాహ్నం కఫ్‌లు కుట్టే రాజ్యశ్రీ హరిచరణ్ దారికి అడ్డంగా నిలబడి, "మా దగ్గరికెప్పుడొస్తారండి స్టూలేసుకుని?" అని అడిగింది. రేపే వస్తానన్నాడు.

ఆ రోజు అన్నాల వేళ రాజ్యశ్రీ తన క్యారేజీ తెచ్చి మహిమ పక్కన కూర్చుంది. అంతకుముందు ఇద్దరికీ మాటల్లేవు. మూత తీసి చింతచిగురు పప్పు సగం మహిమ గిన్నెలోకి ఒంపింది.

"అయ్యో, నీకు?" అంది మహిమ.

"తినక్కా" అంది రాజ్యశ్రీ.