గడ్డం మీద బ్లూ

నా భార్య కృపమ్మ కుడికన్ను పోయింది పంతొమ్మిది వందల ఎనభై ఏడు ఆగస్టు వానల్లో. పోగొట్టినవాడు డాక్టరు సోమయాజులు. ఈ మాట అప్పుడు ఖరగ్‌పూర్‌లో నేనొక్కడినే అన్నాను.

ఆ ఏడు ఊరంతా కళ్ళకలక. మా దగ్గర దాన్ని జోయ్‌బాంగ్లా అంటారు. కృపమ్మకి అది లేదు. ఆమెకి ఉన్నది తలనొప్పి. కంట్లో ప్రెషర్ ఉందేమో చూపించమని ఎవరో చెబితే, గోల్‌బజార్లో సోమయాజులు పెట్టుకున్న కంటి క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

లోపల చీకటి గది. దీపం మెషీను. దానికి గడ్డం ఆనించడానికి ఒక చిన్న దొప్ప, నుదురు ఆనించడానికి ఒక పట్టీ. కంట్లో తిమ్మిరి చుక్కలు వేసి, మెషీను చివరనున్న గాజు మొన కంటికి తాకించి ప్రెషర్ చూస్తాడు. కృపమ్మకి ముందు కూర్చున్న మనిషి కళ్ళనుంచి పుసులు కారుతున్నాయి. అతను లేచాడు, ఈమె కూర్చుంది. మధ్యలో ఎవరూ ఏదీ తుడవలేదు. స్పిరిట్ సీసా బల్ల మీదే ఉంది, మూత కూడా తియ్యలేదు. డాక్టరు అవే వేళ్ళతో ఈమె రెప్ప ఎత్తాడు.

నేను రైల్వే వర్క్‌షాపులో టూల్‌రూమ్ మనిషిని. ఒక కొలత గేజి ఒకడి చేతిలోంచి తిరిగొస్తే తుడిచి, నూనె పట్టించి గాని ఇంకొకడికి ఇవ్వను. ఇరవై రెండేళ్ళు అదే పని. అందుకే ఉండబట్టలేకపోయాను.

"డాక్టరు బాబూ, ఆ మొన ఓపాలి తుడిసేత్తే..."

"డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు. కాంపౌండరు ఈశ్వరరావు కిసుక్కున నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం ఒక్కటే నేను చేసిన తప్పు.

మూడోనాటికి కన్ను ఎర్రబడింది. పదోనాటికి తెల్లపొర కమ్మింది. కలకత్తా తీసుకెళితే, ఆలస్యమైపోయింది, చూపు రాదన్నారు. తిరిగొచ్చి డాక్టరుని అడిగాను. బెంచీ నిండా జనం వింటుండగా చెప్పాడు:

"నా మెషీనుకి అంటగట్టకు. మీ ఓల్డ్ సెటిల్‌మెంట్ కుళాయి దగ్గర పందులూ మనుషులూ ఒక్కచోటే కదా. ఏ మురికిచేత్తో నలుపుకుందో మీ ఆవిడ!"

ఆ మాట నాకంటే ముందు మా రైల్వే క్వార్టర్ల లైనుకి చేరింది. మా చర్చిలో పండగ వంటకి పెద్ద చెయ్యి కృపమ్మదే. ఉప్పు చూడాలన్నా, గంజి వార్చాలన్నా ఆమె రావాలి. ఆ క్రిస్మస్‌కి కూరగాయల ముందు కూర్చోబోతే, స్త్రీల సంఘం పెద్ద స్వర్ణకుమారి ఆపింది.

"వదినా, ఈపాలికి నువ్వు ఎడంగా కూకో. గిన్నెలు మేం సూసుకుంతాం. పదిమందీ తినీది గదా, ఏటనుకోకు."

కృపమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కన్ను పోయిననాడు ఏడవని మనిషి ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"పోయిన కన్ను ఎలగూ రాదు," అంది. "నా సేతులు సుబ్రమైనవని ఆడి నోటంట అనిపించు."

"ఆడంటాడేటే?"

"అనిపించు."

ముందు నాకొచ్చిన ఆలోచన మంచిది కాదు. మరుసటి వానాకాలం జోయ్‌బాంగ్లా మళ్ళీ వచ్చింది. పక్కింటి సత్యవేదం కళ్ళు తుడుచుకున్న దూది అగ్గిపెట్టెలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. డాక్టరు తువ్వాలుకి రాద్దామని. తర్వాత దాన్ని పొయ్యిలో పడేశాను. జాలిపడి కాదు. అతని కన్ను పోతే ఊరు రోగమని అనుకుంటుంది. నేనని అతనికి తెలియదు, ఎందుకో జనానికి తెలియదు. నాకది చాలదు.

అప్పుడు బ్లూ గుర్తొచ్చింది. మా వర్క్‌షాపులో రెండు ఇనుప ముఖాలు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడాలంటే ఒకదానికి పల్చగా బ్లూ, అంటే తొందరగా ఆరని నీలం రంగు ముద్ద, రాస్తాం. రెండోదాన్ని ఆనించి తీస్తే, ఎక్కడెక్కడ తాకిందో అక్కడంతా నీలం అంటుకుంటుంది. ఖరగ్‌పూర్‌లో ఏ ఇంట చూసినా ఒక వర్క్‌షాపు మనిషి ఉంటాడు. ఆ నీలం ఏం చెబుతుందో ఎవరికీ విప్పిచెప్పక్కర్లేదు.

ఒక శనివారం సాయంత్రం చిన్న డబ్బాలో బ్లూ తెచ్చుకుని, మొదటి నంబరు రాయించుకున్నాను. డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. చుక్కలు వేసి, కళ్ళు మూసుకోమని, చీటీ రాయడానికి అటు తిరిగాడు. నేను దొప్పకీ పట్టీకీ దట్టంగా రాశాను. గాజు మొన జోలికి పోలేదు. ఇంకొకరి కంటికి హాని చేస్తే నేనూ అతనూ ఒకటే.

నా చూపు బాగుందన్నాడు. నా మొహానికంటిన నీలం భుజం మీది గమ్చాతో తుడుచుకుని, బయట ట్యూబ్‌లైటు కింద బెంచీ మీద కూర్చున్నాను.

ముందు ఒక బెంగాలీ గుమాస్తా బయటికొచ్చాడు. గడ్డం నీలం, నుదురు నీలం. బెంచీ నవ్వింది. "ఏ కీ దాదా, ఏటిది!" అన్నారెవరో. తర్వాత రైల్వే స్కూలు టీచరు బాలత్రిపురసుందరి గారు వచ్చారు. ఆమెకి గడ్డం, నుదురే కాదు, రెండు రెప్పల మీదా నీలం వేలిముద్రలున్నాయి. తర్వాత ఒక ముసలాయన. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల.

ఆ పిల్లని చూశాక నవ్వు ఆగింది. మా వర్క్‌షాపులో చక్రాల ఫిట్టరు పాండురంగయ్య లేచి, పిల్ల గడ్డం మీద వేలితో రాసి, లైటుకి పెట్టి చూశాడు.

"ఇది మన బ్లూరా!" అన్నాడు. బెంచీ వైపు తిరిగాడు. "అంతే... గుమాస్తా బాబు గెడ్డం ఆనినకాడే పంతులమ్మగారు ఆనినారు. ఆరు ఆనినకాడే ఈ బిడ్డ. మజ్జిలో ఎవుడూ తుడవనేదు."

గోల విని డాక్టరు బయటికొచ్చాడు. వేళ్ళు నీలం. ముక్కు గోక్కున్నట్టున్నాడు, ముక్కు కూడా నీలమే. నేను లేచి నిలబడ్డాను.

"నానే రాసినాను డాక్టరు బాబూ. ఆమోసుని. కృపమ్మ పెనిమిటిని."

"పోలీసులని పిలుస్తాను!"

"పిలవండి బాబూ," అన్నాడు పాండురంగయ్య. "ఆల గెడ్డాలూ ఆనిద్దురు గాని."

టీచరుగారు నవ్వలేదు. "నా ముందు కూర్చున్నాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి డాక్టరుగారూ. ఆ మెషీను తుడిచారా, లేదా?"

డాక్టరు కాంపౌండరు వైపు చూశాడు. ఈశ్వరరావు నేల చూశాడు. "క్యూ ఆగిపోతాదని తమరే ఒద్దన్నారు గదండీ," అన్నాడు.

"మా ఆడదాని కన్ను ఎవుడి మురికికి పోయింది?" అని అడిగాను. రెండుసార్లు అడిగాను.

"నా మురికికే," అన్నాడు డాక్టరు.

"నాకు కాదు. రేపు మా లైనుకొచ్చి సెప్పు. రాకపోతే ఈ గెడ్డాలన్నీ రేపు నీ గుమ్మంలో ఉంటాయి."

మర్నాడు పొద్దున్న రిక్షాలో వచ్చాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఉన్న వేళ. కృపమ్మ బిందె కింద పెట్టి నిలబడింది.

"ఆమె చేతుల వల్ల కాదు. నా మెషీను వల్ల, నా వేళ్ళ వల్ల," అన్నాడు.

"గట్టిగా అను. స్వర్ణకుమారొదినకి ఇనపడనేదు."

మళ్ళీ అన్నాడు. ఆమె మూడోసారి కూడా అనిపించింది. స్వర్ణకుమారి కొంగుతో మొహం కప్పుకుంది. డాక్టరు చేతులు జోడించి "క్షమించమ్మా" అన్నాడు.

"అనీసినావు గదా. ఎల్లు," అంది కృపమ్మ.

ఆ క్రిస్మస్‌కి స్వర్ణకుమారే వచ్చి కృపమ్మని చెయ్యి పట్టుకుని వంటకి తీసుకెళ్ళింది. వర్క్‌షాపు సామాను బయటికి తెచ్చానని డాక్టరు కంప్లైంట్ పెడితే నన్ను పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. తెచ్చాను సార్ అని సంతకం పెట్టాను.

ఆ తర్వాత క్లినిక్‌లో మనిషి మనిషికీ స్పిరిట్ దూదితో తుడిచేవాళ్ళు. మంచి పని చేశావన్నారు జనం. నేను మంచి కోసం చెయ్యలేదు. ప్రతి శనివారం వెళ్ళి, నంబరు లేకుండా ఆ బెంచీ మీద కూర్చునేవాణ్ణి. నన్ను చూస్తే డాక్టరు తుడిచినదే మళ్ళీ తుడిచేవాడు. తుడిచిన దూది గుమ్మం వైపు ఎత్తి చూపించేవాడు. నేను తల ఊపేవాణ్ణి కాదు. క్షమించాలి కదా ఆమోసూ అని పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పారు. టీ ఇచ్చి పంపించాం.

తొంభైలో అతను క్లినిక్ మూసేసి విజయవాడ వెళ్ళిపోతున్నాడని తెలిసి, స్టేషనుకి వెళ్ళాను. కిటికీ ఎదురుగా నిలబడ్డాను. చూశాడు. షట్టరు దించేశాడు. బండి కదిలేదాకా కదల్లేదు నేను.

ఇంటికొచ్చి కృపమ్మతో చెప్పాను.

"ఎలిపోనాడా?"

"ఎలిపోనాడు. నన్ను సూసి షట్టరు దించీసినాడు."

ఆమె కంచం తెచ్చింది. నాకు అన్నం వడ్డించింది, పులుసు పోసింది. తర్వాత కోపంగా అంది:

"మరి నన్నెందుకు తీసుకెల్లనేదు? ఆడి మొకం సూడ్డానికి నాకొక కన్నుంది గదా!"