బతికుండంగనే పిట్టకు పెట్టిన

మా దిక్కు మనిషి సచ్చిపోతే, ఆ మనిషికి ఇష్టమైనయి వండి, విస్తర్ల పెట్టి పిట్టకు పెడుతం. కాకి ముడితే సచ్చినోని మనసు కుదుటపడ్డట్టు. ముట్టకపోతే ఏదో రంధి, దిగులు ఉన్నట్టు. అప్పుడు సుట్టాలు చేతులు జోడిచ్చి, నీ పిల్లల మేం సూసుకుంటం, రంధి వెట్టుకోకు అని మొక్కుతరు. పిట్ట ముందల ఇచ్చిన మాట ఎవ్వలు తప్పరు.

నాకు కావల్సింది గా మాటనే.

నా బిడ్డ శైలజకు నలభై ఏండ్లు. బుద్ధి మాత్రం చిన్నపిల్లది. దాని తల్లి కనకవ్వ పోయినంక నేనే అన్నం కలిపి పెడుతున్న. మొన్న దవాఖానల డాక్టర్ నాకు ఇగ లాభం లేదన్నడు. నేను పోతే దీన్ని సూసుకుంటవా అని నా తమ్ముని కొడుకు రమేశ్‌ను అడగాలె. నోరు రాలే. కాదంటే ఏం జేయాలె?

గందుకే నా దినాలు నేనే చేసుకుంట అన్న. కొడుకులు లేరు, కండ్లతోని సూసుకొని పోత అన్న. నవ్విన్రు. అయినా సుట్టాలందరు వచ్చిన్రు.

చెరువు కాడ బండ మీద విస్తరి పెట్టినం. మటన్, గారెలు, కల్లు. అందరం జర దూరం జరిగి నిలవడ్డం. కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నయి. ఒక్కటి దిగలే.

"బావా, నువ్వు ఈడనే నిలవడితివి. పిట్టకు సమజ్ గావద్దా?" అన్నడు నా బామ్మర్ది బుచ్చయ్య. "జర కండ్లన్న మూసుకో."

మల్ల నవ్విన్రు.

రమేశ్ చేతులు జోడిచ్చిండు. "పెద్దబాపూ, నీ మగ్గం అమ్మం. ముట్టు."

దిగలే.

"సమాధి కట్టిస్తం. గ్రానైట్‌ది."

దిగలే.

"ఎండ కొడుతుంది. ఇంక దేనికి రంధి ఈయనకు?" అన్నది రమేశ్ పెండ్లాం సంగీత.

బుచ్చయ్య శైలజ దిక్కు సూసిండు. రమేశ్ గూడ సూసిండు. ఏదో అనబోయిండు.

గప్పుడే శైలజ ఉరికింది. పనుల పడి పొద్దటి సంది దానికి ఏం పెట్టలే నేను. విస్తరి ముందల కూసొని మటన్ ముక్క నోట్లె పెట్టుకుంది.

"అయ్యో, పిట్ట కూడు!" సంగీత మొత్తుకుంది. "ఇది ఏ ఇంట్ల అడుగువెడితే ఆ ఇంట్ల పీనుగు లేస్తది."

"దానికేం ఎరుకనే, బిడ్డా" అన్నడు బుచ్చయ్య.

"ఎరుక లేకుంటే శని తగలదా, మామా? మరి నీ ఇంటికి తీస్కపో."

బుచ్చయ్య చెప్పులు తొడుక్కున్నడు. రమేశ్ నా మొకం సూడకుంట బండి స్టార్ట్ చేసిండు. వాళ్ల ఎనక అందరు పోయిన్రు. వండిన బువ్వ గిన్నెలల్లనే ఉన్నది.

బిడ్డ పక్కన కూసున్న. అది విస్తరి ఊడ్సుకొని తిన్నది. నా తువ్వాలతోని మూతి తుడ్సిన.

"బాపూ, మంచిగున్నది. మల్లెప్పుడు పెడుతరు?"

"జల్దీనే" అన్న.