నీడ చదివిన డిగ్రీ

గుమాస్తమ్మ పొద్దున్నే ఆఫీసుకొచ్చి, కిటికీ తెరిచి, బల్ల తుడుచుకుని పనిలో కూర్చునేది. ఆమె నీడ మాత్రం గేటు దగ్గరే విడిపోయి సార్వత్రిక విశ్వవిద్యాలయం క్లాసులకు వెళ్ళిపోయేది. అడిగితే అధికారి సెలవివ్వడు, క్లాసులేమో ఆగవు. నీడ లేని మనిషిని చూసి ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళు నవ్వింది ఆ చదువును చూసి.

"ఏంటక్కా, నీ డిగ్రీ పోస్టులో ఎప్పుడొస్తుంది? స్టాంపులు సరిగ్గా అంటించమను," అనేవాడు క్యాషియర్.

ఇంట్లో కూర్చుని చదివితే అది చదువే కాదని అందరి నమ్మకం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! కాలేజీ మెట్లెక్కి చదివిన ఆ మహానుభావులు మాత్రం ఆ తర్వాత పేపరు తప్ప మరో కాగితం తిప్పిన పాపాన పోలేదు.

ఆమె ఓర్చుకుంది. సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అవుతోంది, దానికి డిగ్రీ కావాలి. తన తర్వాత చేరినవాళ్ళకు ఫైళ్ళు మోసీ మోసీ ఆమె ప్రాణం విసిగిపోయింది. ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చోవాలి. సాయంత్రం వంట చేస్తుంటే, విన్న పాఠాన్ని నీడ గోడ మీద నుంచి చెప్పేది, ఆమె తిరిగి అప్పజెప్పేది. పరీక్షలు మాత్రం తనే రాసింది. పాసైంది.

అధికారి పట్టా చూసి కళ్ళజోడు తీశాడు.

"క్లాసులప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

"ఇక్కడే ఉన్నానండీ. నా నీడ వెళ్ళింది."

"అయితే చదివింది నీడే కదా! రోజూ నీ హాజరు చూసింది నేనే. ఒకే మనిషి రెండుచోట్ల హాజరంటే ఆడిట్ వాళ్ళు నా పీక పట్టుకుంటారు."

"పరీక్షలు రాసింది నేనండీ."

"రూలు రూలే. నన్నేం చెయ్యమంటావ్?"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది, నీడ పేరు మీద. నీడ వెళ్ళి సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుంది. అందరికంటే ముందు క్యాషియరే లేచి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నాడు. గుమాస్తమ్మ ఫైళ్ళు తెచ్చి నీడ ముందు పెట్టింది. తన నీడ మీద తనకే అసూయ పుట్టినందుకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం బీరువాకు తాళం వేసి, "ఇంటికి పోదాం, రావే," అంది మెల్లగా.

నీడ తలెత్తలేదు.

"సారు ఇంకా సీట్లోంచి లేవలేదు. నువ్వు వెళ్ళమ్మా," అంది.

అచ్చం అధికారి అన్నట్టే అంది. గుమాస్తమ్మ మెట్లు దిగి, ఎదురెండలో ఒక్కతే ఇంటికి నడిచింది.