మూడున్నర వేళ్ళు

బ్యాటరీ బండి పంకజాక్షిని ఒక్కసారి కూడా గుద్దలేదు. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు.

రోజూ పాకాల నుంచి రైల్లో తిరుపతికొచ్చి, ఆ పెద్దాసుపత్రిలో వరండాలు ఊడుస్తుంది. చెంప కమిలిన రోజు ఎవరైనా అడిగితే "బండి తగిలిందిలే" అనేస్తుంది. గేటు నుంచి వార్డులకు ముసలివాళ్ళను చేరవేసే తెల్ల బండి అది. చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి అందరూ నమ్మేవాళ్ళు.

నిన్న సాయంత్రం టీవీ సౌండు తగ్గించమన్నందుకు మొగుడు గిరిప్రసాద్ చెంప పగలగొట్టాడు. పక్కింటిదాకా వినబడింది. ఆమెకు మాత్రం నొప్పే తెలియలేదు. పొద్దున అద్దంలో చూసుకుంటే మచ్చ కూడా లేదు.

ఆసుపత్రి షెడ్డులో బండి ఎడమ లైటు పక్కన నల్లగా కమిలి, ఉబ్బి ఉంది. డ్రైవరు జుల్ఫికర్ వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడుతున్నాడు.

"పాపం, గట్టిగానే తగిలుండాది," అంది వార్డుకు పోవడానికి వెనక సీట్లో కూర్చున్న గంగులమ్మవ్వ. "మెల్లిగా పోనీ నాయనా. కుదిపితే నొస్తాది దానికి."

అంతలో సూపర్‌వైజరు కృష్ణమూర్తి వచ్చి అరిచాడు.

"ఈయమ్మను గుద్దింది సాలక బండిని యాడో గుద్దినావా? తాళం ఈడ పెట్టి పో!"

"నేనెవుర్నీ గుద్దలేదు సార్. నువ్వన్నా చెప్పక్కా!"

పంకజాక్షి కళ్ళు ఆ కమిలిన చోటే ఆగిపోయాయి. మూడు వేళ్ళ అచ్చులు నిండుగా ఉన్నాయి. చిటికెన వేలి పక్కది మాత్రం సగమే.

నగరిలో మరమగ్గం నడిపేటప్పుడు గిరిప్రసాద్‌కు ఉంగరం వేలు సగం తెగిపోయింది.

తాళం తీసుకుని సూపర్‌వైజరు వెళ్ళిపోయాడు. జుల్ఫికర్ గుడ్డ పిండి ఆమె చేతిలో పెట్టాడు.

"సాయంత్రం ఇంకోసారి పెట్టక్కా. పచ్చబడి తగ్గిపోతాది. నీకు తెలుసు గదా."

గేటు వైపు నడిచాడు. అంటే ఇతనికి ముందే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళు ఆ నింద మోశాడు.

"వాడొస్తేనే నేను కదిలేది," అంది గంగులమ్మవ్వ, కడ్డీ గట్టిగా పట్టుకుని.

బండి వెనక ఎర్ర అక్షరాలు ఉన్నాయి: ఫిర్యాదులుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. అక్కడ ఎన్నిసార్లు దుమ్ము తుడిచిందో! పంకజాక్షి మొదటిసారి ఆ నంబరు అరచేతి మీద రాసుకుంది. ఫిర్యాదు ఉంది. డ్రైవరు మీద కాదు, ఆ మూడున్నర వేళ్ళ మీద.

క్యాంటీన్ పక్కన కాయిన్ బాక్సు ఫోను దగ్గర ఎవరూ లేరు. జుల్ఫికర్ గేటు దాటకముందే చెయ్యాలి.