ముందు ఏ చెయ్యి

"ఇది నా స్పీచి, టైపు కొట్టు," అన్నాడు గేలెన్, కుర్చీ వెనక్కి వాల్చి.

లోర్నా మోచేతులదాకా పిండిలో ఉంది. గవర్నమెంటు ఆరోగ్య ఇన్సూరెన్సు మీద గురువారం చర్చి హాల్లో జరిగే సభకి ఆరు పళ్ళాల దాల్చినచెక్క రోల్స్ తెస్తానని ఆమె ఎవరికీ మాటివ్వలేదు. ఆమె తరఫున అతనే ఇచ్చి వచ్చాడు. కాన్సస్‌లో ఈ మూలన సభ అంటే మాంసం, చిక్కుళ్ళు కలిపి ఉడికించే చిల్లీ ఉండాలి, చిల్లీ అంటే పక్కన తీపి రోల్ ఉండాలి, ఉండాల్సినవన్నీ ఎవరో ఒక ఆడమనిషి వంటింట్లోంచి రావాలి. ఆమె చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని పిండి డబ్బా పక్కనున్న కంప్యూటర్ తెరిచింది. తన వేళ్ళు లావనీ, మీటలు సరిగ్గా పడవనీ పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు గేలెన్. ఆ వేళ్ళే ఫోన్లో గోధుమల ధర మాత్రం చిటికెలో వెతుకుతాయి.

"మా అమ్మకి పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది," అని అతను చెప్తుంటే ఆమె కొట్టింది. "ఈ ఆరేళ్ళలో ఏ గవర్నమెంటు గడపా తొక్కలేదు. మేమే చూసుకుంటున్నాం. మనవాళ్ళని మనమే చూసుకునే జాతి మనది. మన డాక్టరుకీ మనకీ మధ్య వాళ్ళెవరు?"

'మేమే' దగ్గర ఆమె కుడి భుజం కలుక్కుమంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మిగతాది ఎడం చేత్తో కొట్టింది. అతను చూడలేదు. కిటికీలోంచి మబ్బు వంక చూస్తున్నాడు.

గేలెన్ చెడ్డవాడు కాదు, ఆ మాట మొదటే చెప్పాలి. తాగడు, అరవడు. రోజూ సాయంత్రం పొలం నుంచి రాగానే తల్లి మంచం దగ్గర పది నిమిషాలు కూర్చుంటాడు, ఆమె చెయ్యి పట్టుకుని వాన సంగతి చెప్తాడు. ఆ పది నిమిషాలనీ ఊరంతా చూసింది. "అలాంటి కొడుకు ఎంతమందికి ఉంటాడు?" అంటారు ఆదివారం ప్రార్థన అయ్యాక. "అలాంటి మొగుడు దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకో లోర్నా," అంటుంది పెద్దాడబిడ్డ, విచిటా పట్నం నుంచి ఫోన్లో. లోర్నా పెట్టుకునేది కూడా. ఇల్లున్నందుకు, తిండి ఉన్నందుకు, మొగుడు కొట్టనందుకు. ఒకరు చెప్పించిన కృతజ్ఞత అది, నోటితో అయిపోతుంది, లోపలికి దిగదు. మిగిలిన ఇరవైమూడు గంటల యాభై నిమిషాలు ఎవరి ఖాతాలో ఉన్నాయని ఆమె కూడా అడగలేదు. పక్క మీద అత్తగారిని ఇటు నుంచి అటు తిప్పడం, కాఫీ గొంతుకి అడ్డం పడకుండా పొడి కలిపి చిక్కగా చెయ్యడం, స్నానం, దువ్వడం, గోళ్ళు, మాత్రలు, పక్కబట్టలు. మధ్యలో వంట, అతని స్పీచి.

దీనికోసం ఆమె ధాన్యం గోదాములో ఉద్యోగం వదిలేసింది. పంతొమ్మిదేళ్ళు అక్కడ లారీలు తూచింది, డ్రైవర్ల బూతులకి అంతకు రెండు బూతులు జవాబిచ్చింది, సుఖంగా నవ్వింది. "మనిషిని పెట్టుకుంటే నీ జీతం కన్నా ఎక్కువవుతుంది," అన్నాడు గేలెన్ అప్పట్లో. లెక్క నిజమే. ఆ ఉద్యోగంతో పాటే ఆమె ఆరోగ్య ఇన్సూరెన్సు కూడా పోతుందన్నది మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. పోయాక ఇద్దరిలో ఎవరూ దాన్ని గురించి మాట్లాడలేదు.

మార్చిలో అత్తగారిని స్నానాల తొట్టిలోంచి లేపుతుంటే భుజంలో ఏదో చిరిగింది. చప్పుడు ఆమెకే వినిపించింది. ఊళ్ళో ఆసుపత్రి మూతపడి రెండేళ్ళు, కౌంటీ గవర్నమెంటు వాళ్ళ చిన్న క్లినిక్ ఒకటే మిగిలింది. పిండి పులియబెట్టే ఈస్టు అయిపోయిందని గేలెన్‌తో చెప్పి అక్కడికి వెళ్ళింది. డెలియా ఒర్టిస్ అనే నర్సు ఆమె చెయ్యి మెల్లగా పైకెత్తి, ఎక్కడ ఆగిందో చూసి, మామూలు గొంతుతో ఒకే మాట అడిగింది.

"రోజూ ఏం ఎత్తుతావమ్మా?"

అంతే, లోర్నాకి ఏడుపొచ్చింది. నొప్పి ఎక్కడని అడిగినవాళ్ళున్నారు గానీ, ఏం ఎత్తుతావని ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆ అడిగినందుకు ఆ మనిషి కాళ్ళ మీద పడాలనిపించింది. డెలియా కాగితం రుమాళ్ళ పెట్టె ముందుకి జరిపి, లోర్నా అన్నీ చెప్పేదాకా గడియారం వైపు చూడకుండా కూర్చుంది. భుజానికి పెద్ద పరీక్ష చేయించాలి, ఇన్సూరెన్సు లేనిదే ఆ పరీక్ష తన చేతిలో లేదు అంది. ఈ సంవత్సరం చట్టసభలో నడుస్తున్న గొడవ సరిగ్గా దాని గురించే, నీలాంటివాళ్ళకి రాష్ట్రం ఇన్సూరెన్సు ఇవ్వాలా వద్దా అని. అది ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు. అత్తగారి విషయం వేరు, ఆమె నేలంతా ఎప్పుడో కొడుకు పేర రాసేసింది కాబట్టి ఆస్తి లేనివాళ్ళ కింద గవర్నమెంటు ఖర్చుతో వారానికి మూడు మధ్యాహ్నాలు ఒక మనిషిని పంపే ఏర్పాటు ఇప్పటికే ఉంది, వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు అని చెప్పింది. మంగళవారం పది గంటలకి రమ్మంది లోర్నా. ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం గేలెన్ ఒక్కడే కాదు. గవర్నమెంటు మనిషి అంటే అత్తగారు అల్వీనాకి ఒళ్ళు మండుతుంది. ఆమెకి పదకొండేళ్ళప్పుడు రిజర్వాయరు కోసం వాళ్ళ నాన్న పల్లపు చేను పోయింది. టోపీ పెట్టుకున్న ఒకాయన కాగితాలు పట్టుకుని వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. వాళ్ళమ్మ చేసిన క్యాబేజీ మాంసం బన్నులు నాలుగు తిన్నాడు. "తిన్నాడు, మెచ్చుకున్నాడు, నేల తీసుకున్నాడు," అని ఆమె ఇప్పటికీ చెప్తుంది, మాట ముద్దగా వచ్చినా ఆ మూడూ మాత్రం స్పష్టంగా పలుకుతుంది. ఆ నీళ్ళ అడుగున వాళ్ళ బావి ఇంకా ఉంది. గేలెన్ ఆ కథ వింటూ పెరిగాడు. ఆ కథని తప్పనడానికి లోర్నాకి మనసొప్పదు, అది నిజంగా జరిగింది కనక.

మంగళవారం డెలియా వచ్చింది. బన్ను పెడితే, డ్యూటీలో ఉండగా తినకూడదని నవ్వుతూ పక్కన పెట్టింది. అల్వీనా అది గమనించింది. ప్రశ్నలు మొదలయ్యాయో లేదో, కోత కోసే కంబైనుకి బెల్టు మర్చిపోయానని గేలెన్ తిరిగొచ్చాడు. వాకిట్లో కౌంటీ కారు చూసి, బెల్టు చేత పట్టుకుని, నెత్తిన టోపీ అలాగే ఉంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అమ్మని మేం చూసుకుంటున్నాం," అన్నాడు. గొంతు పెంచలేదు.

"చాలా మంచిది," అంది డెలియా. "అయితే మీరే చెప్పండి, నాకు పని తొందరగా అవుతుంది."

అడగడం మొదలుపెట్టింది. కాఫీలో పాలు పోస్తారా? పొయ్యం, అది అతనికి తెలుసు. పొద్దున్న మాత్ర తిండికి ముందా తర్వాతా? పక్క తిప్పి ఎంతసేపయింది? తొట్టిలోంచి లేపేటప్పుడు ఎక్కడ పట్టుకుంటారు? అతను బెల్టుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. లోర్నాకి అతన్ని చూస్తే జాలేసింది, ఆ జాలి మీద వెంటనే కోపమూ వచ్చింది, నోరు తెరిచి అందించబోయి ఆగింది. ఇరవయ్యేడేళ్ళుగా అతనికి అందిస్తూనే ఉంది, ఈ ఒక్కసారికి అందించదలుచుకోలేదు.

"చొక్కా తొడిగేటప్పుడు ముందు ఏ చెయ్యి?" అంది డెలియా.

గేలెన్ తల్లి రెండు చేతుల వంకా చూశాడు. "కుడి," అన్నాడు. "ఎవరికైనా కుడేగా."

అల్వీనా నవ్వింది. సగం మూతితో నవ్వే నవ్వు, గొంతులో గురగుర. డెలియా పెన్ను లోర్నా వైపు తిరిగింది.

"ఎడమది," అంది లోర్నా. "పడిపోయిన చెయ్యే ముందు. అది తనంతట తను రాలేదు, అందుకని చొక్కా మొత్తం వదులుగా ఉన్నప్పుడే దానికి తొడగాలి. బాగున్న చెయ్యి ఎలాగోలా దారి వెతుక్కుంటుంది."

డెలియా రాసుకుంది. తర్వాత, చూసుకునే మనిషి పేరు అని ఉన్న చోట పెన్ను ఆపి అల్వీనాని అడిగింది. ఇన్నేళ్ళలో అల్వీనా కోడల్ని పేరుపెట్టి పిలిచింది లేదు, 'గేలెన్ పెళ్ళాం' అనో 'ఆ పిల్ల' అనో అనేది. ఇప్పుడు ఒక్కొక్క అక్షరం విడదీసి లోర్నా పేరు చెప్పింది, నర్సు తప్పు రాస్తుందేమోనని రెండోసారి కూడా చెప్పింది. "ఇలా ఇవ్వు," అని కాగితం లాక్కుని బాగున్న చేత్తో సంతకం పెట్టింది.

"అమ్మా, నువ్వా?" అన్నాడు గేలెన్.

"గవర్నమెంటుని నేను నమ్మనురా," అంది అల్వీనా. "దీని భుజాన్ని అంతకన్నా నమ్మను. ఏదో ఒకరోజు నన్ను కింద పడేస్తుంది."

ఆమె భాషలో అంతకుమించిన థాంక్స్ లేదని లోర్నాకి తెలుసు. వంటింట్లోకి వెళ్ళి, పొంగిన పిండి మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీదే రెండు చేతులూ ఆనించి కాసేపు నిలబడింది. ఎవరూ చెప్పించకుండా, లోపలి నుంచి, దేవుడా చాలా థాంక్స్ అనుకుంది. ఆ నర్సుకి, ఆ కాగితానికి, ఆ ముసలిదాని మొండి నోటికి. ఇన్నాళ్ళూ దండుగ కృతజ్ఞతలు కట్టీకట్టీ అసలుది ఎలా ఉంటుందో మర్చిపోయింది.

గేలెన్ బెల్టు తీసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. బుధవారం సాయంత్రం, రేపు నలుగురిలో ఏ మొహం పెట్టుకుని నిలబడను అన్నాడు. లోర్నా రోల్స్ మీద చక్కెర పాకం పోస్తూ, మామూలు మొహమే బాగుంటుంది అంది.

గురువారం నాలుగింటికి ఆమె నీలం కోటు తొడుక్కుని వచ్చింది. ఎప్పుడూ పళ్ళేలు పంపి తను ఇంట్లో ఉండేది, అత్తగారి దగ్గర ఒకరుండాలి కనక. గేలెన్ తాళాలు తీసుకోబోతుంటే మంచం మీంచి గొంతు వచ్చింది.

"ఇవాళ నువ్వుండు. అది వెళ్తుంది."

"నా పేరిచ్చానమ్మా. మాట్లాడాలి నేను."

"కాగితం మీద ఉందిగా. అది చదువుతుంది. కొట్టింది అదేగా."

గేలెన్ చాలాసేపు ఆ కాగితం మడతలు విప్పి మళ్ళీ మడిచాడు. చివరికి ఇచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు చదువు," అన్నాడు. తర్వాత ఆమె చేతిలోంచి పళ్ళేలు తీసుకుని, రెండు విడతలుగా తనే ట్రక్కులో పెట్టాడు. తలుపు మూస్తూ, వేరేవైపు చూస్తూ అడిగాడు.

"గౌను మార్చాల్సొస్తే... ఎడమదే కదా ముందు?"

"ఎడమదే," అంది. ఆ ప్రశ్నకి కూడా ఆమె మనసు నిండిపోయింది. దారంతా పచ్చ గోధుమ చేల మధ్య కిటికీ దింపుకుని నడిపింది.

హాలు నిండుగా ఉంది. ముందు వరసలో శాసనసభ్యుడు, బల్లల చుట్టూ ఎక్కువగా మొగవాళ్ళు, వెనక వంటింటి కిటికీలో చిల్లీ వడ్డించే ఆడవాళ్ళు. గేలెన్ పేరు పిలిచారు. లోర్నా లేచింది. ఒకళ్ళిద్దరు నవ్వారు, ఆమె పట్టించుకోలేదు. మైకు కిందికి వంచుకుని, అక్షరం పొల్లు పోకుండా చదివింది. మేమే చూసుకుంటున్నాం అన్న చోట కొందరు తలలూపారు. మనవాళ్ళని మనమే చూసుకునే జాతి మనది అన్న చోట చప్పట్లు మోగాయి. అవి ఆగాక చివరి వాక్యం కూడా చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"ఇంతవరకూ గేలెన్ మాట. ఉన్నది ఉన్నట్టు చదివాను," అంది. "ఇక్కణ్ణుంచి నాది. ఆవిడని చూసుకుంటున్నది నేను. నా భుజం చిరిగి రెండు నెలలైంది, నాకు ఇన్సూరెన్సు లేదు. మనవాళ్ళని మనమే చూసుకుంటామని ఇందాక అందరూ చప్పట్లు కొట్టారు, సంతోషం. ఒక్కటే అడుగుతాను. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడిగేటప్పుడు ముందు ఏ చెయ్యి తొడగాలి? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

బల్లల దగ్గర ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక వంటింటి కిటికీలో ముందు ఒక గరిటె పైకి లేచింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత, చిల్లీ కారుతున్న గరిటెలన్నీ.