తిన్నామక్కా

ఎండకు కాగిన గాలిలో ఉడికిన వడ్ల వాసన.

ఊరి చివరి మిల్లుల నుంచి వస్తుంది. రాయ్‌పూర్ అంతా కమ్ముకుంటుంది. కడుపు నిండినవాళ్లకు అది పట్టదు.

ఆ మే నెలలో మాత్రం అందరికీ పట్టింది.

లాక్‌డౌన్ వచ్చాక రెబెకా చర్చి పక్కగది తెరిచింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోస్తా నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పాత అలవాటొకటుంది — ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేర ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం. ఆ పిడికిళ్లన్నీ ఈ గదికి తెమ్మంది.

తెచ్చారు.

డబ్బాల్లో తెచ్చారు, కొంగుల్లో తెచ్చారు. చర్చి గడప ఎన్నడూ తొక్కని రంగనాయకమ్మగారు కందిపప్పు మూట పంపారు. అందరికంటే ముందొచ్చేది మరియమ్మ. స్టేషన్ బయట ఇడ్లీబండి ఆమెది. "మా పిల్లలు తింటున్నారుగా అక్కా, ఇంకొకళ్లూ తినాలి" అనేది.

వచ్చినవాళ్లకు పెట్టింది రెబెకా. ఇంకా వచ్చారు. పెట్టింది. ఇంకా...

ఇటుకబట్టీల వాళ్లు. ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు. నడిచి నడిచి ఒడిశా పోతున్నవాళ్లు.

పిడికిలి ఎంతని పెరుగుతుంది? వరసే పెరిగింది.

వరి పండే సీమ ఇది. గోదాముల నిండా బియ్యం. గది నిండా ఖాళీ గోనెలు. రెబెకాకు పళ్లు పటపటా కొరకాలనిపించేది — ఎవరిమీదో తెలిసేది కాదు.

అప్పుడు సంఘపెద్ద జాన్ ఒక దాతను పట్టుకొచ్చాడు. దగ్గర్లోని తిల్దా ఊళ్లో బియ్యం మిల్లున్న సేఠ్. లారీ నిండా బస్తాలు పంపాడు. బస్తాల వెంట తన గుమాస్తా వీరేంద్రను పంపాడు. అతని చేతిలో ఫోను.

"దీదీ, మాస్క్ నీచే," అన్నాడు వీరేంద్ర, వరసలో మొదటామెతో.

మాస్కు దించాలట. ముఖం కనబడాలట. సేఠ్ పేరున్న బ్యానర్ ముందు నిలబడి, చేతులు చాపి.

"ముఖాలెందుకు?" అంది రెబెకా. "బస్తాల్ని తీసుకోండి ఫోటో."

"ఊరుకో సిస్టర్," జాన్ గొంతు తగ్గించాడు. "ఖాలీ ఒక్కటంటే ఒక్క ఫోటోనేగా. అది లేకపోతే రేపు లారీ రాదు."

వరసలో ముసలాయన విసుక్కున్నాడు. "నా మొహం తీస్కోమనమ్మా, ఎన్నిసార్లైనా. బియ్యం మాత్రం తొందరగా పొయ్యి."

రెబెకా కొలిచింది.

కొలుస్తూ కొలుస్తూ తలెత్తింది. ఎదురుగా మరియమ్మ.

కొంగు నుదుటి మీదికి లాక్కుని, ఎవరో పరాయిదానిలా సంచి చాపింది. రైళ్లు ఆగితే ఇడ్లీబండీ ఆగుతుందని, ఇన్నాళ్లూ రెబెకాకు తట్టనే లేదు.

"మరియా..."

మాస్కు దిగింది. ఫోను మెరిసింది. రెబెకా అడ్డం వచ్చేసరికే అయిపోయింది.

సాయంత్రానికి ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు. దేవునికి స్తోత్రం. ఆమెన్. ఆమెన్. ఆమెన్...

"తీసెయ్యండి," అని జాన్‌కు ఫోన్ చేసింది.

"మంచి పనేగా సిస్టర్. నలుగురికీ తెలిస్తే ఇంకా ఇస్తారు."

ఇచ్చారు కూడా. అదే మండింది రెబెకాకు. గది నిండింది. వరస కదిలింది. అందరూ వచ్చారు.

మరియమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు.

బియ్యం సంచి చంకన పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం, రైల్వే క్వార్టర్ల వెనక మరియమ్మ ఉండే సందులోకి వెళ్లింది రెబెకా. తలుపు లోపల గడియ.

"మరియమ్మా, నేనే."

లోపల్నుంచి — "తిన్నామక్కా."

"ముందు తలుపు తియ్యి."

"తిన్నాం. సచ్చీ, నిజంగా. వేరేవాళ్లకివ్వండి. లేనివాళ్లు చాలామంది ఉంటారు, పాపం."

పొయ్యి వెలిగించిన జాడ లేదు. లోపల ఒక పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఎవరో నోరు మూసినట్టు ఠక్కున ఆగిపోయింది.

రెబెకా సంచిని గడపలో పెట్టింది.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటిదీ. గడపలో సంచి — సందు మొత్తానికి కనబడుతూ.

మళ్లీ ఎత్తుకుంది. రెండడుగులు వేసింది. ఆగింది. లోపల ఆ పిల్ల...

వెనక్కొచ్చి దించింది. కిటికీల వైపు చూసింది. మళ్లీ ఎత్తుకుంది.

"మరియా," అంది, తలుపుకు నోరు ఆనించి, తనకే వినబడనంత మెల్లగా. "ఎక్కడ పెట్టను? చెప్పు. ఎక్కడ పెట్టను?"