బాగానే ఉన్నానన్న మనిషి

ఆ బస్సు డ్రైవరు మొదటిరోజే, మనసు బాధలు విని సాయపడే కౌన్సిలరును నవ్వించాడు. "నా బస్సులో రోజుకి ఆరొందలమంది ఎక్కుతారు మేడం. ఎలా ఉన్నావని ఒక్కరూ అడగరు. ఆ హాయి మీకేం తెలుసు!" అన్నాడు కుర్చీలో సర్దుకుంటూ. భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. మధ్యలో నాలుగు రోజులు చెప్పాపెట్టకుండా డ్యూటీ ఎగ్గొట్టాడని డిపో మేనేజరు అతన్ని ఇక్కడికి పంపాడు. వారానికోసారి రావాలి. గదిలో మాట్లాడింది గదిలోనే ఉంటుంది. ప్రాణానికి ముప్పుందని తోస్తే మాత్రం కౌన్సిలరు డిపోకి రాయాలి. అదీ ఒప్పందం.

నవ్వేటప్పుడు అతను పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. కౌన్సిలరు తమ్ముడూ అంతే.

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం, వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న ఆ తమ్ముడు ఫోను చేశాడు. ఆమె హాస్టల్లో పరీక్షలకి చదువుకుంటోంది. "ఏరా, గొంతు అలా ఉందేం?" అంటే, "బాగానే ఉన్నానక్కా, నువ్వు చదువుకో" అన్నాడు. ఏదో జోకు కూడా వేశాడు. మర్నాటికి వాడు లేడు. తన ప్రాణం తనే తీసుకున్నాడు. మనసుల గురించి చదివే చదువు చదువుతూ సొంత తమ్ముడి గొంతులోని దిగులు పోల్చుకోలేకపోయానన్న బాధ ఆమెలో ముల్లులా దిగబడిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మకి అసలే చెప్పలేదు.

మూడో నెలలో డ్రైవరు ఒక సంగతి చెప్పాడు. అతని భార్య కూరగాయల మార్కెట్లో పనిచేసేది. ఇరవై ఏళ్లపాటు మధ్యాహ్నం ట్రిప్పులో అతని బస్సెక్కే ఇల్లు చేరేది.

"ఇప్పటికీ ఆ స్టాపు రాగానే బండి కాస్త నెమ్మది చేస్తాను మేడం. ఒకసారి అటు చూస్తాను."

"ఆవిడ కనబడుతుందా?"

"పోయిన మనిషి ఎలా కనబడుతుంది? చూడకుండా పోబుద్ధి కాదు, అంతే."

"చూశాక ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది. నేను బాగానే ఉన్నాను మేడం," అని పిడికిలి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

తమ్ముడి మాటే, తమ్ముడి నవ్వే. ఆ తర్వాత పావుగంటసేపు అతనేం చెప్పాడో ఆమె చెవికెక్కలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని మనిషిని నేరుగా అడగడం ఆ వృత్తిలో మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్లకి ఆమే నేర్పుతుంది. ఆ రోజు తను అడగలేదు. అడిగితే 'లేదు' అంటాడు, ఆ మాట నమ్మలేననుకుంది. అతను గడప దాటగానే కాగితం ముందుకు లాక్కుని, ఈయన బస్సు నడిపే స్థితిలో లేడు, ప్రాణానికి ముప్పుంది అని డిపోకి రాసేసింది.

వారం తిరక్కుండానే అతను వచ్చాడు. కూర్చోలేదు.

"నన్ను బండి దింపేశారు మేడం. షెడ్డులో టైర్లకి గాలి కొట్టమన్నారు. మా అమ్మాయి నన్ను స్నానానికి కూడా ఒంటరిగా పోనివ్వట్లేదు. తలుపవతల నిలబడి నాన్నా, నాన్నా అని పిలుస్తూనే ఉంటుంది."

"మీ మంచి కోసమే..."

"ఒక్కమాట అడగచ్చుగా! ఆ స్టాపు చూసుకోడానికే నేను పొద్దున్నే లేచేది. చావడానిక్కాదు." వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. "నన్ను చూసి రాసింది కాదది. ఇంకెవర్నో చూసి రాశారు."



ఆమెకి ఈ పని నేర్పిన పెద్దావిడ నెలకోసారి కూర్చోబెట్టి కేసులన్నీ వినేది. డ్రైవరు సంగతి మాత్రం కౌన్సిలరు ఎప్పుడూ దాటేస్తూ వచ్చింది. ఆ సాయంత్రం వెళ్లి అంతా చెప్పేసింది, తమ్ముడితో సహా.

"నీకో తమ్ముడుండేవాడని ఇన్నేళ్లలో ఒక్కసారీ అన్లేదేమ్మా?" అంది పెద్దావిడ. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది. జబ్బు ఉండటం తప్పు కాదు. దాన్ని దాచుకుని పదిమందికి వైద్యం చేస్తానంటేనే తప్పు."

అడగాల్సింది అడగకుండా రాశాను, తప్పు నాదే అని ఆమె డిపోకి మళ్లీ రాసింది. వేరే డాక్టరు అతన్ని పరీక్షించాడు. ఆరువారాలకి బస్సు చేతికొచ్చింది గానీ, ఈలోగా ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేశారు. కొత్త రూటు మార్కెట్టు ఛాయలకే పోదు. ఆమె రెండుసార్లు ఫోను చేసి బతిమాలింది. "బస్సు బస్సే కదా మేడం, ఏ రూటైతే ఏముంది?" అన్నాడు మేనేజరు. ఏముందో అతనికి చెప్పే హక్కు ఆమెకి లేదు.

ఆ ఆదివారం అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని తమ్ముడి ఫోను సంగతి చెప్పింది. అమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు నాకూ చేశాడే," అంది అమ్మ.

"నీకా?"

"బాగానే ఉన్నానమ్మా అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, మళ్లీ చేస్తాలేరా అని పెట్టేశాను. నీకు తెలిస్తే నన్ను జన్మలో క్షమించవని..." మాట పూర్తిచేయలేక అమ్మ దుప్పటిలో మొహం దాచుకుంది.

పదకొండేళ్లు, ఒకే ఇంటి మనుషులై ఉండీ, ఒకరికి తెలియకుండా ఒకరు అదే నేరం మోశారు. ఆమె అమ్మ వీపు మీద చెయ్యేసింది. పొడి బట్టల మధ్య ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు.

డ్రైవరు ఇప్పుడు అదే భవనంలో, పై అంతస్తులో, వేరే కౌన్సిలరు దగ్గరకి గురువారాలు వస్తున్నాడు. ఎలా ఉన్నాడని ఆమె ఎవర్నీ అడగలేదు. గురువారం తన సెలవుగా మార్చుకుంది. మెట్ల మీద ఎదురుపడితే అతనే మొహమాటపడి నవ్వాల్సి వస్తుందని.